ఆడనంతవరకే ఆణిముత్యం

జట్టు మార్పు అంటే ఆటగాడు ఒక చొక్కా విప్పి ఇంకో చొక్కా తొడుక్కోవడం. ఐపీఎల్‌లో ఇది నాలుగు విధాలు. మొదటిది అట్టిపెట్టుకోవడం: యాజమాన్యం ఆటగాణ్ణి పోనివ్వదు. రెండోది వదులుకోవడం: యాజమాన్యం అతన్ని పంపించేసి, సేవలకు కృతజ్ఞతలు చెబుతూ ఒక ఫొటో పెడుతుంది. ఫొటోలో ఆటగాడు నవ్వుతూనే ఉంటాడు, అది కొన్నరోజు తీసిన ఫొటో కాబట్టి. మూడోది మార్పిడి: 2025 నవంబరులో చెన్నై సూపర్ కింగ్స్ రవీంద్ర జడేజాను, శామ్ కరన్‌ను రాజస్థాన్‌కు ఇచ్చి సంజు శాంసన్‌ను తెచ్చుకుంది. నాలుగోది వేలం. ఇందులో ఆటగాడి ఇష్టాయిష్టాలతో పని లేదు. ఏ జట్టు సుత్తి దెబ్బకు దొరికితే ఆ జట్టుకు ఆడాలన్నదే తన చిన్ననాటి కల అని అతను ఆ సాయంత్రానికల్లా చెబుతాడు.

కృష్ణా డెల్టా పాఠకులకు ఈ నాలుగింటినీ వివరించనక్కర్లేదు. గన్నవరం నియోజకవర్గంలో 2019లో తెలుగుదేశం తరఫున వల్లభనేని వంశీ, వైసీపీ తరఫున యార్లగడ్డ వెంకటరావు పోటీపడ్డారు. 838 ఓట్ల తేడాతో తెలుగుదేశం గెలిచింది. 2024లోనూ అదే ఇద్దరు పోటీపడ్డారు, అదే తెలుగుదేశం గెలిచింది. తేడా ఒక్కటే, ఈసారి తెలుగుదేశం అభ్యర్థి యార్లగడ్డ, వైసీపీ అభ్యర్థి వంశీ. ఆటగాళ్లు అటూఇటూ అయినా ఆట యథాప్రకారం సాగుతుందని ఇంత స్పష్టంగా చూపిన మైదానం క్రికెట్‌లోనూ లేదు.

ఆంధ్ర క్రికెట్‌లో జట్టు మార్పుల చరిత్ర జట్టుతోపాటే పుట్టింది. 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ బరిలో దిగినప్పుడు దానికి నాయకుడు సి.కె. నాయుడు. భారత టెస్టు జట్టు మొట్టమొదటి కెప్టెన్ ఆయనే. కుటుంబ మూలాలు మచిలీపట్నం, పుట్టింది నాగపూర్, పేరు తెచ్చుకున్నది ఇండోర్‌లో, హోల్కర్ జట్టుతో. ఆంధ్రకు ఆయన కొత్తగా వచ్చేనాటికి వయసు 58 ఏళ్లు. ఆ తర్వాత 1956-57లో ఉత్తరప్రదేశ్‌కూ నాయకత్వం వహించారు. అంటే ఆంధ్ర జట్టు మొదటి కొత్త ముఖం షష్టిపూర్తికి రెండేళ్ల దూరంలో ఉన్న పెద్దమనిషిది. యువతకు పెద్దపీట వేస్తామని సంఘాలు అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాయి.

జట్లు మారే విద్యలో డెల్టా అందించిన మహామహోపాధ్యాయుడు గుంటూరు వాసి అంబటి రాయుడు. దేశవాళీలో హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ జట్లకు ఆడాడు. మధ్యలో బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగ్‌కు వెళ్లి, బోర్డు క్షమించాక వెనక్కి వచ్చాడు. ఐపీఎల్‌లో ముంబయితో మూడు, చెన్నైతో మూడు ట్రోఫీలు అందుకున్నాడు. 2019 ప్రపంచకప్ జట్టులో అతనికి చోటు దక్కలేదు. బ్యాటు, బంతి, ఫీల్డింగ్ అనే మూడు పార్శ్వాలూ ఉన్నాయంటూ విజయ్ శంకర్‌ను ఎంపిక చేశారు. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకుంటున్నానని రాయుడు చురక వేశాడు. ఆ ఎంపిక సంఘానికి అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్, ఆయనదీ గుంటూరు జిల్లానే. మనవాడు పైనుంటే మనవాడికి మేలు జరుగుతుందనే తెలుగువారి ప్రాచీన సిద్ధాంతానికి తగిలిన పెద్ద దెబ్బల్లో ఇదొకటి.

2019 జులైలో రాయుడు రిటైరయ్యాడు, ఆగస్టులో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నాడు. 2023 ఐపీఎల్ ఫైనల్‌తో ఈసారి నిజంగానే ముగించాడు. ఆ ఏడాది డిసెంబరు 28న వైసీపీలో చేరాడు, 2024 జనవరి 6న బయటికొచ్చాడు. దుబాయిలో ఆడబోయే టీ20 లీగ్‌కు రాజకీయ పార్టీలతో సంబంధం ఉండకూడదని కారణం చెప్పాడు. తర్వాత కొద్దిరోజులకే జనసేన అధినేత పవన్ కల్యాణ్‌ను కలిశాడు. పార్టీ మారినవాళ్లు నియోజకవర్గ అభివృద్ధి కోసమనే చెప్పే సంప్రదాయం ఉన్న రాష్ట్రంలో క్రికెట్ కోసమని చెప్పిన మొదటి నాయకుడిగా ఆయనకు ప్రత్యేక స్థానం దక్కాలి.

రాయుడి తర్వాత చెప్పుకోవలసింది హనుమ విహారి గురించి. కాకినాడలో పుట్టి, హైదరాబాద్ తరఫున ఆట మొదలుపెట్టి, 2016లో ఆంధ్రకు వచ్చాడు. 2021లో తిరిగి హైదరాబాద్‌కు, మరుసటి ఏడాది తిరిగి ఆంధ్రకు. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగినా ఎడమచేతి వాటంగా నిలబడి బ్యాటింగ్ చేశాడు. 2024 సీజన్లో మొదటి మ్యాచ్ అయ్యాక కెప్టెన్సీ పోయింది. విహారి చెప్పినదాని ప్రకారం, బెంగాల్‌తో మ్యాచ్‌లో జట్టులోని 17వ ఆటగాణ్ణి మందలించాడు, ఆ ఆటగాడు రాజకీయ నాయకుడైన తండ్రికి చెప్పుకున్నాడు, తండ్రి సంఘానికి చెప్పాడు. ఆ ఆటగాడు ఈ ఆరోపణను ఖండించాడు. వివరాల్లో ఎవరి మాట నిజమైనా, 11 మంది ఆడే ఆటలో 17వ స్థానం ఇంత కీలకమని క్రికెట్ గ్రంథాలేవీ అంతకుముందు గుర్తించలేదు.

ఆంధ్రకు ఇక ఆడనని 2024 ఫిబ్రవరిలో విహారి ప్రకటించాడు. జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. విహారి మంత్రి నారా లోకేశ్‌ను కలిసి, ఆంధ్రకు మళ్లీ ఆడతానన్నాడు. సెప్టెంబరులో విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ ఆంధ్ర క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యారు. 2025లో విహారి త్రిపురకు వెళ్లిపోయాడు. ఆంధ్రలో బ్యాట్స్‌మన్ బౌలర్‌తోపాటు ఎన్నికల తేదీలను కూడా గమనిస్తూ ఆడాలన్నది దీన్నుంచి తేలే సాంకేతిక పాఠం.

ఇక విజయవాడ సొంత జట్టు సంగతి. ఆంధ్ర ప్రీమియర్ లీగ్ 2022లో మొదలైనప్పుడు ఊరి జట్టు పేరు బెజవాడ టైగర్స్. 2025లో అది విజయవాడ సన్‌షైనర్స్. మే నెలలో బందరు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం నడిచినవాళ్లెవరూ పులికంటే సూర్యుడే స్థానికుడన్న సంగతిని కాదనరు. అయితే 2025 సీజన్ మొత్తం విశాఖలో జరిగింది. బెజవాడ సూర్యుడు సుమారు 350 కిలోమీటర్ల అవతల ఉదయించాడు, అదీ ఆగస్టు వానల్లో. జట్టులో ఎవరుంటారన్నది వేలం నిర్ణయిస్తుంది, ఎక్కడ ఆడాలన్నది స్టేడియం నిర్ణయిస్తుంది, ఊరికి మిగిలేది పేరు. అదీ మూడేళ్లకోసారి మారవచ్చు.

విజయవాడలో మైదానాలు లేవనుకోవడం పొరపాటు. ఇందిరాగాంధీ స్టేడియంలో 2002 నవంబరు 24న భారత్, వెస్టిండీస్ వన్డే జరిగింది. సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్. మార్లన్ శామ్యూల్స్ 108 పరుగులతో అజేయంగా నిలిచాడు, భారత్ 135 పరుగుల తేడాతో ఓడింది. పురుషుల వన్డే మళ్లీ ఆ ఊరికి రాలేదు. 2016 నవంబరులో ఊరి బయట మూలపాడులో మహిళల జట్టు అదే వెస్టిండీస్‌పై మూడు వన్డేలూ గెలిచింది. ఓడిన మ్యాచ్‌ను ఇరవై ఏళ్లకు పైగా తలుచుకుంటున్న నగరం, గెలిచిన సిరీస్‌ను తలుచుకోవడానికి ఇంకా తీరిక చేసుకోవలసి ఉంది.

జట్టు మార్పులన్నిటిలో విలువైన సరుకు కొత్త కుర్రాడు. పత్రికా భాషలో ఇతనికి ఆణిముత్యం, తెలుగు తేజం, భవిష్యత్ ఆశాకిరణం అని మూడు పేర్లు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీ విప్పి, కాయ విరిచి, రంగు చూసి ధర చెబుతాడు. కుర్రాళ్ల వేలంలో టిక్కీ విప్పకముందే ధర పలుకుతుంది, విప్పాక పడిపోతుంది. 2023 డిసెంబరులో చెన్నై జట్టు సమీర్ రిజ్వీ అనే ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి 8 కోట్ల 40 లక్షలకు కొంది. ఒక సీజన్ ఆడించింది, వదిలేసింది. మరుసటి వేలంలో ఢిల్లీ అతన్ని 95 లక్షలకు కొంది. అతను ఆడటం మర్చిపోలేదు. కాకపోతే ఎలా ఆడతాడో జనానికి తెలిసిపోయింది.

ఇదే చెన్నై జట్టులో డెల్టా కుర్రాడి కథ మరింత క్రమబద్ధంగా నడిచింది. గుంటూరుకు చెందిన షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచకప్‌లో భారత వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియాపై 94, ఫైనల్లో ఇంగ్లండ్‌పై 50 చేశాడు. ఆ ఏడాది డిసెంబరు వేలంలో చెన్నై అతన్ని కనీస ధర 20 లక్షలకు తీసుకుంది. 2023లో చెన్నై కప్పు గెలిచింది. జట్టులో ఇద్దరు గుంటూరువాళ్లు: ఫైనల్లో 8 బంతుల్లో 19 కొట్టి వీడ్కోలు చెప్పిన రాయుడు, సీజనంతా బెంచీ మీద కూర్చుని చాంపియన్ అయిన రషీద్. రాయుడు ఖాళీ చేసిన చోటు ఊరివాడికి వస్తుందని గుంటూరు ఆశపడింది. చెన్నై ఆ చలికాలమే న్యూజిలాండ్ నుంచి డారిల్ మిచెల్‌ను 14 కోట్లకు, పైన చెప్పిన రిజ్వీని 8 కోట్ల 40 లక్షలకు తెచ్చుకుంది. 2024 కూడా రషీద్‌కు బెంచీ మీదే గడిచింది.

ఈ రెండేళ్లూ అతని ప్రతిష్ఠకు స్వర్ణయుగం. ఒక్కసారీ విఫలం కాలేదు, ఒక్క క్యాచ్ వదల్లేదు. చెన్నై ఓడిన ప్రతి రాత్రీ గుంటూరు, బెజవాడ టీ కొట్ల దగ్గర అతను ఆడి ఉంటే గెలిచేవాళ్లమని తేలేది. జెడ్డాలో జరిగిన 2024 నవంబరు వేలంలో చెన్నై అతన్ని మళ్లీ కనీస ధరకే కొంది. అప్పటికి కనీస ధరే 30 లక్షలైంది.

2025 సీజన్‌కు బోర్డు ఒక పాత నిబంధనను బతికించింది. ఐదేళ్లుగా అంతర్జాతీయ మ్యాచ్ ఆడని భారత ఆటగాణ్ణి కూడా అంతర్జాతీయ అనుభవం లేనివాళ్ల కోటాలో చేర్చవచ్చు. దాంతో రెండు ప్రపంచకప్‌లు గెలిపించిన 43 ఏళ్ల మహేంద్రసింగ్ ధోనీ ఆ కోటాలోకి వచ్చాడు. చెన్నై అతన్ని 4 కోట్లకు అట్టిపెట్టుకుంది. కాగితం మీద ధోనీ, రషీద్ ఇద్దరూ ఒకే తరగతి.

వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడాక, 2025 ఏప్రిల్ 14న లక్నోలో చెన్నై రషీద్‌ను ఓపెనర్‌గా దింపింది. 19 బంతుల్లో 27 చేశాడు. చెన్నై గెలిచింది. 11 బంతుల్లో 26 కొట్టి అజేయంగా నిలిచిన ధోనీకి మ్యాచ్ ఉత్తమ ఆటగాడి బహుమతి దక్కింది. అనుభవం లేనివాళ్ల కోటాకు ఆ రోజు మంచి పేరొచ్చింది, బహుమతి మాత్రం కోటాలో పెద్దవాడు పట్టుకుపోయాడు. తర్వాతి మ్యాచ్‌ల్లో రషీద్ పరుగులు తగ్గాయి, జట్టులో చోటు పోయింది. గాయపడ్డ కెప్టెన్ స్థానంలో వచ్చిన పదిహేడేళ్ల ఆయుష్ మాత్రే కొత్త ఆణిముత్యమయ్యాడు. చెన్నై ఆ సీజన్లో ఆఖరి స్థానంలో నిలిచింది, నవంబరులో రషీద్‌ను వదులుకుంది. డిసెంబరులో అబుదాబి వేలానికి వెళ్లి, భారత జట్టుకు ఇంకా ఆడని ఇద్దరు కుర్రాళ్లు ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మలను చెరి 14 కోట్ల 20 లక్షలకు కొంది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అన్న సామెతను ఇక్కడ కొంచెం దిద్దుకోవాలి: ఎక్కనివాడే ఓడ మల్లయ్య.

దీనికి విరుద్ధమైన ఉదాహరణా ఉంది. విశాఖకు చెందిన నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాద్ 2023 సీజన్‌కు 20 లక్షలకే తీసుకుంది, 2024లో వరసగా ఆడించింది. అతను 303 పరుగులు చేసి ఆ సీజన్ ఉత్తమ వర్ధమాన ఆటగాడయ్యాడు. హైదరాబాద్ అతన్ని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది, డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ చేశాడు. కుర్రాణ్ణి వరసగా ఆడిస్తే ఆటగాడయ్యే ప్రమాదం ఉందని దీనివల్ల రుజువైంది. అలా అయినవాణ్ణి ఇక ఆశాకిరణం అనడం కుదరదు. అతని సగటు అడుగుతారు, స్ట్రైక్ రేటు అడుగుతారు, రెండు మ్యాచ్‌లు పోతే తీసేయమంటారు. బెంచీ మీది కుర్రాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

అభిమాని భాష కూడా ఈ లెక్కల ప్రకారమే మారుతుంది. యాభై కొట్టిన రోజు మనవాడు. ముప్ఫై దగ్గర అవుటైతే ఆంధ్ర కుర్రాడు. సున్నాకు అవుటైతే చెన్నై ఓపెనర్. వేలంలో అమ్ముడుపోతే తెలుగువాడి సత్తా, అమ్ముడుపోకపోతే తెలుగువాడికి అన్యాయం. ఈ రెండు శీర్షికలూ పత్రికా కార్యాలయాల్లో ముందే సిద్ధంగా ఉంటాయి, పేరు ఒక్కటే నింపుకోవాలి.

ఐపీఎల్ నిబంధనల ప్రకారం ఒక జట్టులో గరిష్ఠంగా 25 మంది ఉండవచ్చు. మైదానంలో దిగేది 11 మంది, ఇంపాక్ట్ ఆటగాణ్ణి కలిపితే 12. ఆ 12 మందికీ సగటులు, వైఫల్యాలు, విమర్శకులు ఉంటారు. మిగిలిన 13 మందీ నిండు ఆశాజనకులు.