మోత ఆగకూడదు: మండపంలో యాంపు నడిపేవారికి తిరుగులేని చిట్కాలు

వినాయక చవితి చందా పుస్తకాలు అచ్చవగానే కమిటీ కుర్రాళ్లు మొదట మాట్లాడేది విగ్రహం ఎత్తు గురించి, ఆ తర్వాత సౌండు గురించి. విగ్రహం సంగతి చేసేవాళ్లు చూసుకుంటారు. సౌండు సంగతి మీరే చూసుకోవాలి తమ్ముళ్లూ. సామాను అద్దెకిచ్చే సౌండ్ సర్వీసు వాళ్లు దాంతోపాటు ఒక ఆపరేటరును కూడా అంటగడతారు. అతను పెంచమంటే పెంచడు, ఎర్ర లైటు చూస్తే తగ్గిస్తాడు, పైగా రోజూ బత్తా అడుగుతాడు. అతన్ని మొదటిరోజే ఇంటికి పంపేయండి. రెండు చానెళ్ల స్టీరియో పవర్ యాంపును ఎవరి సాయమూ లేకుండా నిమజ్జనం దాకా నడిపే పద్ధతి ఇక్కడ చెబుతాను. నిమజ్జనం ముందు యాంపుకు జరుగుతుందా, వినాయకుడికి జరుగుతుందా అన్నది మీ శ్రద్ధను బట్టి ఉంటుంది.

1. సున్నాలు లెక్కపెట్టండి

యాంపు ఎంచుకునేటప్పుడు అట్టపెట్టె మీద ఎన్ని సున్నాలున్నాయో చూడండి. పక్కన పీఎంపీఓ అని ఉంటే కళ్లకద్దుకోండి. ఆర్‌ఎంఎస్ ఎంత, ఎన్ని ఓమ్‌ల దగ్గర అంత అని అడిగేవాడు బేరం చెడగొడతాడు. యాంపు వెనక ఫ్యూజు 3 ఆంపియర్లదైతే 230 వోల్టుల దగ్గర లోపలికి వెళ్లేదే 690 వాట్లు, ఇక బయటికి 5000 వాట్లు ఎలా వస్తాయని మీ వీధిలో ఇంజినీరింగు చదివే కుర్రాడు అడుగుతాడు. అతనికి పులిహోర పంచే బాధ్యత అప్పగించండి.

పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సేననీ, చెవికి రెట్టింపు మోతగా అనిపించాలంటే పవరు దాదాపు పదింతలు కావాలనీ కూడా అతనే చెబుతాడు. ఇది మాత్రం శ్రద్ధగా వినండి. దీన్నిబట్టి తేలేది ఒక్కటే: ఒక యాంపు చాలదు, పది తెప్పించాలి. బాక్సులను జనం వైపు తిప్పి, కాస్త ఎత్తులో పెడితే ఉన్న పవరే సరిపోతుందనేవాళ్లు చందా ఎగ్గొట్టే రకం.

2. ఓమ్‌లు తగ్గేకొద్దీ మనకే లాభం

ప్రతి బాక్సు వెనకా రెండేసి సాకెట్లు ఉంటాయి. ఒకదాంట్లోకి యాంపు నుంచి వైరు వస్తుంది, రెండోదాంట్లోంచి ఇంకో బాక్సుకు వెళ్తుంది. కంపెనీవాడు రెండో సాకెట్ ఇచ్చాడంటే బాక్సులు కలుపుకుంటూ పొమ్మనే కదా. 8 ఓమ్‌ల బాక్సులు రెండు ఇలా కలిపితే యాంపుకు 4 ఓమ్‌లు కనిపిస్తాయి, నాలుగు కలిపితే 2. అడ్డం తగ్గితే కరెంటు ధారాళంగా పారుతుంది. ఎంత ధారాళంగా అంటే లోపలున్న ట్రాన్సిస్టర్లు తట్టుకోలేనంత. యాంపు వెనక ‘కనీసం 4 ఓమ్‌లు’ అని అచ్చేసింది మర్యాద కోసం. పక్క వీధి కమిటీ దగ్గర రెండు బాక్సులు మిగిలితే అవి కూడా తెచ్చి తగిలించండి. యాంపు తనంతట తానే ఆగి, కాసేపటికి మళ్లీ మోగిందంటే ప్రొటెక్షను పనిచేస్తోందన్నమాట. దాన్ని మీరు విశ్రాంతి అనుకోండి.

స్టీరియో, పారలల్, బ్రిడ్జి అని వెనక ఒక బుల్లి స్విచ్చి ఉంటుంది. బ్రిడ్జిలో రెండు చానెళ్లూ ఏకమై ఒకే లోడును తోస్తాయి. 4 ఓమ్‌ల లోడు పెడితే ఒక్కో చానెలుకు 2 ఓమ్‌లు పెట్టినంత భారం పడుతుంది కాబట్టి, ఇంతకుముందు చెప్పిన లాభం ఇక్కడ ఇంకా తొందరగా చేతికందుతుంది. యాంపు ఆపి స్విచ్చి మార్చాలనీ, చాలా యాంపుల్లో వైరును రెండు ఎర్ర టెర్మినళ్లకే కలపాలనీ పుస్తకంలో ఉంటుంది. మీరు మాత్రం నాలుగు బాక్సులూ అలాగే ఉంచి, పాట మంచి ఊపు మీదున్నప్పుడు మార్చండి. జనంలో కదలిక వస్తుంది.

3. వైరు దగ్గర పొదుపు

సౌండుకు లక్షలు తగలేసినా వైరుకు మాత్రం పైసా తీయకూడదు. కాలింగ్ బెల్లుకు వాడే సన్న వైరు ఏ ఇంట్లోనైనా ఒక చుట్ట ఉంటుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరును 30 మీటర్ల దూరం లాగితే, పోనూ రానూ 60 మీటర్లకు 2 ఓమ్‌ల పైచిలుకు నిరోధం వస్తుంది. 4 ఓమ్‌ల బాక్సులకు వెళ్లాల్సిన పవరులో మూడో వంతు దారిలోనే వేడిగా మారిపోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే నిరోధం అర ఓమ్ కూడా ఉండదు, యాంపును బాక్సుల దగ్గరికి జరిపితే అదీ తగ్గుతుంది. కానీ యాంపు అక్కడుంటే కుర్చీ వేసుకుని దాని పక్కన కూర్చున్న మిమ్మల్ని ఆడపిల్లలు ఎలా చూస్తారు?

ఎరుపు, నలుపు పట్టించుకోకండి. ఒక పక్క బాక్సుకు తిరగేసి కలిపితే, ఒక కోను ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతుంది. సరిగ్గా మధ్యలో నిలబడ్డవాళ్లకు బేసు మాయమవుతుంది. బేసు తగ్గిందని తెలియగానే చేయాల్సిన పని, యాంపు పెంచడం.

4. ఎర్తు పిన్ను పీకేయండి

మిక్సరును ఒక బోర్డులో, యాంపును మండపం అవతల ఇంకో బోర్డులో పెడితే బాక్సుల్లోంచి ‘గుయ్’మని హమ్మింగు వస్తుంది. రెండింటికీ ఒకే చోటి నుంచి కరెంటు ఇచ్చి, మధ్యలో మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులు వాడితే చాలావరకు పోతుందని ఆపరేటర్లు అంటారు. ఆ కేబుల్లో ఒకే సిగ్నలు నేరుగా ఒక తీగలో, తిరగబడి ఇంకో తీగలో వెళ్తుంది. దారిలో రెండింటికీ సమానంగా అంటుకున్న గోల యాంపు దగ్గర తీసివేతలో పోతుంది. వినడానికి బాగుంటుంది కానీ అంత ఓపిక ఎవరికి? ప్లగ్గులో లావుపాటి ఎర్తు పిన్నును కటింగ్ ప్లయరుతో కత్తిరిస్తే హమ్మింగు అక్కడికక్కడే ఆగుతుంది.

ఆ తర్వాత యాంపు లోపల ఎక్కడైనా కరెంటు ఇనప పెట్టెకు తగిలితే, అది భూమిలోకి పోయే దారి ఉండదు. వేరే దారి వెతుక్కుంటుంది: మైకు పట్టుకుని, వాన నీళ్లలో చెప్పుల్లేకుండా నిలబడి హారతి పాట పాడే మనిషి గుండా. కాబట్టి పిన్ను కత్తిరించిన రోజు మైకు మొదట మీరే పట్టుకోండి. పట్టుకోవడానికి చెయ్యి రావడం లేదా? అయితే పాడేవాళ్ల చేతికి మాత్రం ఎలా ఇస్తారు?

5. కరెంటు ఎక్కడిదైనా కరెంటే

స్తంభం మీదికి కొక్కెం విసిరితే మీటరు తిరగదు. తాత్కాలిక కనెక్షనుకు దరఖాస్తు పెట్టడం, లైన్‌మన్‌ను పిలవడం పిరికివాళ్ల పని. కొక్కెం గాలికి ఊగుతుంటే వోల్టేజీ కూడా ఊగుతుంది, పాటకు గమకాలు వస్తాయి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ గానీ ఊడిందా, 230 ఉండాల్సిన చోటికి 400 దాకా రావచ్చు. పెట్టె మీద రాసిన వాట్లన్నీ ఒక్క క్షణం నిజమయ్యేది అప్పుడే. ఫ్యూజు పోతే రాగి తీగ మెలిపెట్టి బిగించండి. ఇకమీదట యాంపులో చిట్టచివర కాలేది ఆ తీగే.

6. ముందు యాంపు, తర్వాత మిగతావి

ముందు మిక్సరు వేసి, చివర యాంపు వేయాలట. ఆపేటప్పుడు ముందు యాంపు, తర్వాత మిక్సరట. మీరు యాంపును ఫుల్లులో ఉంచి మిక్సరు స్విచ్చి నొక్కండి. ‘ఢబ్’మని వచ్చే చప్పుడుకు గోడమీది పిల్లి నుంచి మూడో అంతస్తు తాతగారి దాకా అందరికీ పూజ మొదలైందని తెలుస్తుంది. వూఫరు కోను ముందుకు ఎగిరి, మళ్లీ వెనక్కి వస్తే మీ అదృష్టం.

7. ఎర్ర దీపం కొండెక్కకూడదు

అన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. యాంపు ముందు క్లిప్ అని రాసి ఉన్న చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దాన్ని దేవుడి ముందు దీపం లెక్కన చూసుకోండి. ఆరనివ్వకూడదు.

యాంపు మీది నాబులు పవరుకు కళ్లెం వేస్తాయని కొందరి భ్రమ. అవి లోపలికొచ్చే సిగ్నలును తగ్గిస్తాయంతే. నాబు సగంలో ఉన్నా మిక్సరు నుంచి సిగ్నలు గట్టిగా తోస్తే యాంపు తన పూర్తి పవరుకు చేరుకుంటుంది. అందుకే ఫోను ఫుల్లు, మిక్సరులో గెయిను ఫుల్లు, బేసు ఫుల్లు, ట్రెబుల్ ఫుల్లు, మాస్టరు ఫుల్లు, ఆపైన యాంపు ఫుల్లు పెట్టండి. దేన్నీ చిన్నబుచ్చకూడదు.

ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోయాక యాంపు ఏం చేస్తుందంటే, గుండ్రంగా లేవాల్సిన అలల శిఖరాలను నరికి చదును చేస్తుంది. పూర్తిగా చదునైన అల, అంతే ఎత్తున్న గుండ్రటి అలకన్నా రెట్టింపు పవరు మోస్తుంది. నరికిన అంచుల్లోంచి అసలు పాటలో లేని పైస్థాయి శబ్దాలు పుట్టి ట్వీటరు మీద పడతాయి. ట్వీటరు కాయిల్ తీగ వెంట్రుకంత సన్నం. అది ఎంతసేపని తట్టుకుంటుంది? చిన్న యాంపు పెద్ద బాక్సును కాల్చలేదని ధీమాగా ఉన్నవాళ్ల బాక్సులు కాలేది ఇలాగే.

మాటలు స్పష్టంగా వినిపించడం మానేస్తే ట్వీటరు పోయిందని అర్థం. అప్పుడు ట్రెబుల్ ఇంకాస్త పెంచి, మిగిలిన ట్వీటర్లకు కూడా అవకాశం ఇవ్వండి.

8. పూజలో లోపం రానివ్వకండి

యాంపుకు పసుపు నీళ్లు చల్లి, కుంకుమబొట్టు పెట్టి, పైన పూలదండ వేయండి. గాలి రంధ్రాలు మూసుకునేలా దండ ఒత్తుగా ఉండాలి. ఫ్యాను గాలి పీల్చే చోట అగరుబత్తులు గుచ్చితే పొగ లోపలంతా తిరుగుతుంది, తర్వాత లోపలి నుంచి పొగ వచ్చినా ఎవరూ కంగారుపడరు. భాద్రపద మాసం కాబట్టి వాన ఎలాగూ పడుతుంది. యాంపును గొడుగు కింద పొడి చోటికి మార్చకుండా, నడుస్తుండగానే ప్లాస్టిక్ పట్టాలో ఊపిరాడకుండా చుట్టండి.

9. చట్టం మనకు వర్తించదు

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. ‘ఇవ్వొచ్చు’ అన్నదాన్ని ‘ఇచ్చారు’ అని, ‘12 దాకా’ అన్నదాన్ని ‘తెల్లారేదాకా’ అని చదువుకోండి. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేను నిషేధించారని ఎవరైనా గుర్తుచేస్తే, మనది డీజే కాదు, భక్తి అనండి.

చెవుల గురించి కూడా బెదిరిస్తారు. 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం, 100 దగ్గర పావుగంటే అంటారు. రాత్రి పడుకున్నాక చెవిలో సన్నగా ‘కుయ్’మని వినిపిస్తే అది ఉచితంగా వచ్చిన పాట. కొందరికి జీవితాంతం వస్తుంది.

10. రిపేరు షాపులో నడవడిక

అయిదో రోజుకో ఆరో రోజుకో యాంపును ఆటోలో వేసుకుని రిపేరు షాపుకు వెళ్తారు. మెకానిక్ మూత విప్పకముందే వాసన చూసి మీ ముఖం వంక చూస్తాడు. ‘ఏమీ చేయలేదన్నా, ఉన్నట్టుండి ఆగిపోయింది’ అనండి. బాక్సులు ఎన్ని కలిపారని అడిగితే సగమే చెప్పండి. రాగి తీగ చూపిస్తే, కొన్నప్పుడే అలా ఉందనండి. ఇక చివరగా, ఎర్ర లైటు ఏమైనా వెలిగిందా అని అడుగుతాడు. అక్కడ మాత్రం తల దించుకోనక్కర్లేదు. ‘ఒక్కసారి కూడా ఆరలేదన్నా’ అని గర్వంగా చెప్పండి.