మూడు కిలోల చింత

ఉగాదికి పది రోజుల ముందు మా అమ్మ వరోరా బజార్లో ఓ కిరాణా కొట్టు ముందు నిలబడి, తనకు వచ్చిన హిందీనంతా కూడగట్టుకుని, "చింత హై క్యా?" అని అడిగింది. కొట్లో కూర్చున్న పెద్దాయన తక్కెడ కింద పెట్టి అమ్మ మొహంలోకి చూశాడు. "చింతా తర్ సగళ్యాంనాచ్ ఆహే, ఆజీ" అన్నాడు. చింత ఎవరికి లేదు తల్లీ, అని.

మరాఠీలో చింత అంటే దిగులే. చింతపండును చించ్ అంటారు. ఈ ముక్క నేను చెప్పేలోపే వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడటం మొదలుపెట్టేశారు. ఆయన స్టూలు వేసి కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇచ్చాడు. కొడుకు సరిగ్గా చూసుకోవట్లేదేమో అన్నట్టు నా వంక ఓ చూపు కూడా పారేశాడు. నేను మధ్యలోకి దూరి "చించ్, చించ్" అని అరిస్తే, అమ్మ ఉలిక్కిపడి కొంగు దగ్గరికి లాక్కుంది.

"ఏం చించాలెరా?"

మొత్తానికి అర కిలో కొన్నాం. ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. శివరాత్రి ముందు రోజు మంచిర్యాల నుంచి వచ్చి స్టేషన్లో దిగినప్పుడు అమ్మ సంచిలో మూడు కిలోల కొత్త చింతపండు ఉంది. గింజ తీసి, ఈనెలు తీసి, ఉప్పు చల్లి, ముద్దలు కట్టి తెచ్చింది. ఇంట్లో ఉన్నది ముగ్గురం. రోజూ రెండు పూటలా పచ్చిపులుసు పోసుకుని, మిగిలింది కాళ్లు కడుక్కోవడానికి వాడినా నెలలో మూడు కిలోలు అయిపోవు. మరి ఎవరు తిన్నట్టు?

నా గురించి కాస్త చెప్పాలి. వరోరా అనగానే మావైపు వాళ్లు "బాబా ఆమ్టే ఊరా?" అని అడుగుతారు. అవును, 1949లో ఆయన కుష్ఠురోగుల కోసం మొదలుపెట్టిన ఆనందవనం ఈ ఊళ్లోనే ఉంది. దాంతోపాటు చుట్టుపక్కల బొగ్గు గనులు, ఆ బొగ్గు మండించి కరెంటు తీసే కేంద్రాలు, వాటిలో మనవాళ్లు బోలెడు మంది ఉన్నారు. అలాంటి ఒకదాంట్లో నేను నీళ్ల ల్యాబులో కెమిస్టుని. బాయిలర్లోకి వెళ్లే నీళ్లలో సున్నం, ఉప్పు చింతాకంత కూడా ఉండకుండా చూడటం నా పని. అంటే పొద్దంతా ఆమ్లాలతో కాపురం చేసి, సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ ఆమ్లం ముందు కూర్చుంటాను.

మొదట బలైనవి ఇత్తడి కుందులు. పెళ్లిలో మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిన జత అది. ఆరేళ్లలో కాఫీ పొడి రంగుకు తిరిగాయి. అమ్మ నిమ్మకాయంత ముద్ద నానబెట్టి, దోసిట్లో పిసికి, నాలుగు ఉప్పు రాళ్లు వేసి, పిప్పితోనే రుద్దడం మొదలుపెట్టింది. బొటనవేలు ప్రమిద అంచు చుట్టూ రెండుసార్లు తిరిగిందో లేదో, వేళ్ల సందుల్లోంచి నల్లటి పులుసు కారింది. కుంది మెడ దగ్గర చెక్కిన తామర రేకుల్లో ఏళ్లనాటి నూనె జిడ్డు ఉంటే అక్కడ ఈనె ముక్కతో గీకింది. నీళ్లు పోయగానే బంగారం బయటపడింది. "వెంటనే తుడువాలె, లేకుంటె మళ్ల నల్లబడ్తది" అని నా లుంగీ లాక్కుని తుడిచేసింది. లుంగీ నా ఒంటి మీదే ఉందన్న సంగతి ఆమెకు ముఖ్యంగా తోచలేదు.

నేను ఊరుకోవచ్చు కదా. ఇత్తడిలో రాగి ఉంటుందని, గాలి తగిలి దాని మీద ఆక్సైడు పొర కడుతుందని, చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుందని, ఉప్పు ఆ పనికి ఊపునిస్తుందని వివరించాను. అమ్మ ఓపికగా విన్నది.

"గా పేరు పెట్టకముందు కుందులు మెరువలేదారా?"

ఆ సాయంత్రం పక్కింటి కాకూ, అంటే మన పిన్ని వరసావిడ, వచ్చింది. ఇక్కడ ఇత్తడి, రాగి తోమడానికి చాలా ఇళ్లలో పీతాంబరి పొడి వాడతారు. ఆమె తన రాగి చెంబు తెచ్చి పొడితో తోమింది, అమ్మ మా చెంబును పండుతో తోమింది. ఇద్దరూ వాకిట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరికి మరాఠీ తప్ప రాదు, ఇంకొకరికి తెలుగు తప్ప రాదు. మా ఆవిడని జడ్జిగా నిలబెట్టారు. అత్తగారు ఒకవైపు, రోజూ పెరుగుకు తోడు ఇచ్చే మనిషి ఇంకోవైపు ఉంటే ఏ కోడలైనా ఇచ్చే తీర్పే ఇచ్చింది. రెండూ ఒకటేనంది.

ఒక విజయం మనిషిని ఎంత చెడగొడుతుందో ఆ తర్వాత చూశాను. గుడి గంట, అగరొత్తుల స్టాండు, నా బెల్టు బకిలు, గ్యాసు రెగ్యులేటరు దగ్గరి ఇత్తడి నట్టు, ఒక్కోటీ పులుసులో మునిగి తేలాయి. గేటు తాళం కూడా ఇత్తడిదే కదా అని దాన్ని రాత్రంతా నానబెట్టింది. పైకి అద్దంలా అయింది. లోపల బీరకాయ పీచులాగా చింత పీచు ఇరుక్కుని తాళంచెవి సగం దాకానే పోయింది. ఆఫీసుకు గోడ దూకి వెళ్లాను. మర్నాటికల్లా చీమలకు ఆ తాళం సొంతిల్లయింది.

అసలు నష్టం పూజగదిలో జరిగింది. అద్దె ఇల్లు. దేవుడి గూట్లో ఇంటాయన ఎంతో మోజుపడి వేయించుకున్న తెల్ల పాలరాతి పలక ఉంది. అమ్మ కుందుల్ని దాని మీదే పెట్టి తోమింది. పాలరాయి అంటే సున్నపురాయికి చుట్టం, పులుపు తగిలితే మెరుపు పోతుంది. నేను చూసేసరికి పలక నడిమధ్య జానెడు మేర మసకబారి, అచ్చం మన పాత ఆదిలాబాద్ జిల్లా పటంలా తయారైంది. గుడ్డ పెట్టి తుడిస్తే పోదు, అది మరక కాదు, రాయే కరిగింది. అప్పట్నుంచి ఆ జిల్లా మీద వెంకటేశ్వరస్వామి పటం నిలబడి ఉంది. ఇంటాయన అద్దెకు వచ్చినప్పుడల్లా దండం పెట్టుకుని, "దేవుణ్ణి ఎందుకు ముందుకు జరిపారు?" అని అడుగుతుంటాడు.

ఇక కూలరు. హోలీ దాటితే వరోరాలో కూలరు దించాల్సిందే. మే నెలలో ఈ జిల్లాలో ఎండ 46, 47 దాకా పోతుంది, కళ్లు చింతనిప్పులవుతాయి. బోరు నీళ్ల కాఠిన్యం మా ల్యాబులో ఒకసారి సరదాగా కొలిచాను. ద్రాక్షరసం రంగు నీలానికి తిరిగేదాకా చుక్కలు వేస్తూ ఉండాలి. గొట్టం ఖాళీ అయింది గానీ రంగు తిరగలేదు, ఇంక కొలవడం మానేశాను. ఆ నీళ్లకు కూలరు మోటారు, జల్లెడ పైపు మీద పేణీలాగా తెల్లటి గార కట్టింది.

"గిది నాకు ఇడిసిపెట్టు" అంది అమ్మ.

ఇక్కడ మాత్రం నేను గట్టిగా అడ్డుపడ్డాను. వెనిగరు పోస్తే ఆ గార కరిగి నీళ్లలో కలిసిపోతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం అలా కాదు, సున్నంతో కలిసి మళ్లీ సరిగ్గా కరగని పదార్థమే అవుతుంది. ఒక గార తీసి ఇంకో గార పెట్టుకోవడమన్నమాట. ఇది చదువుకున్న రసాయన శాస్త్రం అని చెప్పాను. అమ్మ ముప్పావు కిలో నానబెట్టి కూలరు తొట్లో పోసి, నేను డ్యూటీకి వెళ్లాక స్విచ్చి వేసింది. సాయంత్రం తలుపు తెరిస్తే ఇల్లంతా చారు పోపుకు ముందు వాసన. గడ్డి పరదాల మీద గోధుమరంగు చారలు. గార అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు రంగేసుకుని ఉంది. జీవితంలో ఒక్కసారి నా చదువు అమ్మ మీద గెలిచింది. ఆ ఆనందంలో పరదాలు నేనే ఉతికాను.

"మీ బాయిలరు గూడ గిట్లనే కడుగుతరా?" అని అడిగింది, పక్కన కూర్చుని. కొత్త బాయిలర్ వెలిగించే ముందు గొట్టాల్లో తుప్పు, మడ్డి పోవడానికి ఆమ్లం తిప్పుతాం, సిట్రిక్ ఆమ్లం కూడా వాడతారు, అది నిమ్మ పులుపే అని చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించింది. "గంత పెద్దదానికి చింతపండైతె ఎన్ని బస్తాలు పడ్తదో" అంది. ఆ గొంతులో వేళాకోళం లేదు. అంచనా వేస్తోంది.

కూలరు దించుతూ కాలు బెణికించుకున్నాను. అంటే ఏమైందో మీకు తెలుసు. చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి, చెయ్యి కాలేంత వేడిగా మడమకు పట్టు వేసింది. నొప్పి తగ్గిందో, ఆ వేడికి మడమ మొద్దుబారిందో చెప్పలేను. పట్టు ఎండి పెంకు కట్టాక మేజోడు తొడుక్కుని డ్యూటీకి వెళ్లాను. మీటింగులో పక్క కుర్చీ ఆయన ముక్కు ఎగబీల్చి, "ఇవాళ క్యాంటీన్లో సాంబారా?" అన్నాడు.

తాగినవాళ్ల మత్తు దించడానికి చింతపండు రసం పట్టిస్తారని కూడా అమ్మ చెప్పేది. కానీ 2015 ఏప్రిల్ నుంచి 2021 దాకా మా చంద్రపూర్ జిల్లా మొత్తం మద్యనిషేధం. కాబట్టి అన్నేళ్లూ మా జిల్లాలో ఎవరూ తాగలేదు, ఆ మందు పరీక్షించే వీలూ దొరకలేదు. కాగితాల మీద.

పండు తీసేసిన గింజల్ని కూడా అమ్మ ఎక్కడ పారేస్తుంది? మూడు కిలోల్లో తప్పించుకుని వచ్చిన గింజలు ఓ పిడికెడు దొరికాయి. నాలుగింటిని రాయి మీద సగానికి అరగదీసి అష్టాచెమ్మా పందేలు చేసింది. మిగతావి వేయించి, పొట్టు తీసి, నూరి, ఉడికించి జిగురు కాచింది. నవ్వడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఎందుకంటే కొండపల్లి బొమ్మకు ముక్కూ చెవీ అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ఆ ముద్దతోనే. చేర్యాల మాస్కులకూ అదే, అక్కడి పటాల గుడ్డకు పూసే పూతలోనూ ఆ గింజ గంజి ఉంటుంది. బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికీ ఈ పొడే వాడారు. అంత చరిత్ర ఉన్న జిగురుతో అమ్మ మా ఆవిడ వంటల పుస్తకం అట్ట అతికించింది. మర్నాడు పొద్దున అట్టా లేదు, విషయసూచికా లేదు. బొద్దింకలు పేజీ పదమూడు దాకా చదివి ఆపాయి.

చింతబరికె సంగతి నేనే ఎత్తలేదు. దాని ఉపయోగాలు మా బడిలో ఏడేళ్లు దగ్గరగా పరిశీలించినవాణ్ణి.

ఇలా మూడు కిలోలూ ఇల్లే తాగేసింది. అందుకే ఆ అర కిలో కొనాల్సివచ్చింది. ఇది మాత్రం ఉగాది పచ్చడికని మా ఆవిడ సీసాలో పెట్టి, మూత బిగించి, బియ్యం డబ్బా వెనక దాచింది. అత్తమ్మ చేతికి అందని చోటని ఆమె నమ్మకం. మా అమ్మ మూడు దశాబ్దాలు ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసిన మనిషి. దాచిన సీసా ఎక్కడుంటుందో ఆమెకు వాసన చెబుతుంది.

మన ఉగాది రోజే ఇక్కడ గుఢీ పాడ్వా. పొడవాటి వెదురుకర్రకు పట్టుచీర కట్టి, వేపమండలు, మామిడాకులు, చక్కెర బిళ్లల దండ వేసి, పైన చెంబు బోర్లిస్తారు. దాన్నే గుఢీ అంటారు. కిటికీలోనో, మేడ మీదో పొద్దున్నే నిలబెడతారు. చెంబు ఎంత మెరిస్తే అంత గొప్ప. పండగ ముందు రాత్రి కాకూ తన రాగి తాంబ్యా, అంటే చెంబు, పట్టుకుని వచ్చింది. పొడి అయిపోయిందట, దుకాణాలు మూసేశారట. ఆమె "చించ్" అంది. అమ్మ "చింత" అంది. ఈసారి ఎవరికీ నా అవసరం పడలేదు.

ఆ ఒక్క తాంబ్యాతో ఆగితే బాగుండేది. అది చూసి ఎదురింటి ఆమె, ఆమెను చూసి మూలింటి ఆమె, మొత్తం ఐదు చెంబులు మా వాకిట్లో వరసకట్టాయి. రాత్రి పదిన్నర దాకా అమ్మ పీట మీద కూర్చుని తోముతూనే ఉంది. మోచేతుల దాకా నల్లటి పులుసు. ఒక్కో చెంబు కడిగి పైకెత్తి వీధిలైటు వెలుగులో తిప్పి చూడటం, అవతలివాళ్లు "చకాచక్!" అనడం, ఆ మాటకు అర్థం తెలియకపోయినా అమ్మ తల పంకించడం. మంచిర్యాల్లో ఆమెను ఇంతమంది ఒకేసారి మెచ్చుకుని ఉండరు. ఇది చూస్తూ సీసా గురించి అడగడానికి నాకు నోరు రాలేదు.

పొద్దున పచ్చడి గిన్నె ముందు కూర్చున్నాం. వేపపువ్వు, బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం అన్నీ పడ్డాయి. మా ఆవిడ సీసా తెచ్చి మూత తీసి, వంచి, ఆఖరికి తలకిందులు చేసి చూపించింది. ఒక్క ఈనె రాలింది. ల్యాబులో సిట్రిక్ ఆమ్లం సీసా నా కళ్ల ముందు మెదిలింది గానీ పైకి అనలేదు, పండగపూట ఎందుకని.

"పులుపు ఏదీ, అత్తమ్మా?"

అమ్మ నా చేతిలో చెంచాడు పచ్చడి వేసి, గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. ఎదురింటి మేడ మీద, కాకూ బాల్కనీలో, ఆ పక్క ఇంట్లో, వీధి చివరిదాకా ఐదు గుఢీలు లేచి ఉన్నాయి. అప్పుడే పొడిచిన ఎండకు ఐదు చెంబులూ కళ్లు చెదిరేలా మండుతున్నాయి.

"అగో, అక్కడున్నది. దాన్ని సూసుకుంట తిను."