హద్దుకి ఇవతలి కుండ

నేను సారా కాచే మట్టికుండని. రావికమతం మండలంలో కొండవార ఉన్న ఒక గిరిజన గూడెం నా చోటు.

చోడవరం చుట్టూ చెరకు తోటలు, పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్టు. ఈ నేలలో బెల్లానికి కరువు లేదు. పులిసిన బెల్లం ఊట నా కడుపులో పోసి, మూతి మీద ఇంకో కుండ బోర్లించి, ఆవిరి పోకుండా సందుల్లో తడిమట్టి మెత్తుతారు. మంట సన్నగా ఉండాలి. ఎక్కువైతే ఊట పొంగి, ఆవిరి పోయే వెదురు గొట్టంలోకి వచ్చేస్తుంది, సారా మాడువాసన కొడుతుంది. ముసలమ్మ ఒకామె పొయ్యి పక్కనే కూర్చుని, మట్టి నెర్రెలిచ్చిన చోటల్లా వేలితో మళ్లీ అద్దేది. పండగకీ, పెళ్లికీ, చావుకీ సారా కావాలి. ముందు కొండదేవతకి నాలుగు చుక్కలు నేలమీద వదిలాకే మనుషులకి.

కానీ 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా కాస్తే నేరం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ల కోపం న్యాయమైనదే. కూలి డబ్బులు సారాకి పోసి, ఇంటికొచ్చి పెళ్లాన్ని కొట్టిన మగాణ్ణి నేనూ చూశాను. అలాంటి తాగుడిని నేను వెనకేసుకురాను.

నా బాధ హద్దు గురించి. స్కాట్లండులో కాచి, అక్కడే కనీసం మూడేళ్లు పీపాల్లో మాగితేనే అది స్కాచ్. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మధ్యప్రదేశ్‌లో ఇప్పసారాని వారసత్వ మద్యంగా గుర్తించి, గిరిజన సంఘాలే కాచి అమ్ముకునేలా నిబంధనలు రాశారు. పుట్టిన చోటుకి చట్టం అక్కడ అంత విలువ ఇచ్చింది.

మా కొండెక్కి అవతలికి దిగితే షెడ్యూల్డు ప్రాంతం. మత్తు పదార్థాల అమ్మకం, వాడకం ఆపాలా, అదుపులో పెట్టాలా అన్నది తేల్చే అధికారాన్ని షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం అక్కడి గ్రామసభ చేతికిచ్చింది. ఇవతల మా గూడెంలోనూ గిరిజనులే, మొక్కేదీ కొండదేవతకే. కానీ షెడ్యూల్డు ప్రాంతాల జాబితాలో మా ఊరి పేరు లేదు, కాబట్టి పెసా మాకు వర్తించదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అవతలివాళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, మేం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాం. మమ్మల్నీ ఆ జాబితాలో చేర్చండని ఈ కొండవార గూడేల జనం ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఎక్సైజువాళ్లు దాడికొస్తున్నారని కబురందితే నన్ను తుప్పల్లోకి తోసేస్తారు. తాగుడుతో కాపురం కూలిన ఆడమనిషి కూడా ఆ పూట నోరు విప్పదు, విప్పితే జైలుకెళ్లేది సొంత తమ్ముడే. అదే మా గ్రామసభకీ ఆ అధికారం ఉంటే ఆమె పదిమందిలో లేచి మాట్లాడుతుంది. పండగకి ఒక్క కుండ చాలని సభ అంటే ఒక్కటే కాయనీ. అసలొద్దంటే అందరి ముందూ నన్ను బండకేసి కొట్టనీ. ఆ సభ మాకు కావాలి.