పట్టాకున్న పరీక్ష మనిషికేదీ?

మా ఉక్కు ఊరు భిలాయ్‌లో రెండు రకాల వేడి ఉంది. ఒకటి బ్లాస్ట్ ఫర్నేసుది, సుమారు 1500 డిగ్రీలు. రెండోది ఇస్త్రీపెట్టెది, మహా అయితే 200. మొదటిదానికి ఇనుము కరుగుతుంది, రెండోదానికి ఇంటర్వ్యూ బోర్డు కరుగుతుంది. ఏ వేడితో ఎక్కువ పనులు జరుగుతాయో ఉద్యోగం చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఈమధ్య ఎక్కడ చూసినా ‘ప్రొఫెషనల్ ప్రెజెన్స్’ నేర్పే గురువులే. బెల్టూ బూటూ ఒకే రంగులో ఉండాలిట. చొక్కా నలగకూడదుట. గదిలోకి అడుగుపెట్టగానే అందరి చూపూ మనమీదే పడాలిట. ఈ పాఠం ఫర్నేసు ముందు డ్యూటీ చేసేవాడికి చెప్పి చూడండి. నెత్తిన హెల్మెట్, కళ్లకి నీలం అద్దం, ఒంటిమీద వెండిరంగు కోటు. కట్టుకున్న భార్య ఎదురుగా వచ్చి నిలబడ్డా, “ఏవండీ, మా ఆయన్నెక్కడైనా చూశారా?” అని ఆయన్నే అడగాలి. షిఫ్టు దిగి అవన్నీ విప్పాక చూస్తే మెడ మడతల్లో, కనుబొమల్లో గ్రాఫైట్ పొళ్లు మిలమిలా మెరుస్తుంటాయి. పార్లర్లో డబ్బు పోసి పూయించుకునే మెరుపుని ఇక్కడ కంపెనీ ఉచితంగా ఇస్తోంది. అయినా దాన్ని ఎవరూ ప్రెజెన్స్ అనరు. మురికంటారు.

ఇక్కడో సూత్రం ఉంది. నిప్పుకి దూరం జరిగినకొద్దీ చొక్కా తెల్లబడుతుంది. ఫర్నేసు దగ్గర బూడిదరంగు, కంట్రోల్ రూములో లేతరంగు, ఏసీ గదిలో మల్లెపూవు. జూనియర్ ఆఫీసర్ పరీక్ష గట్టెక్కిన మా బాబాయిని చూడండి. ఫలితాలొచ్చిన సాయంత్రమే సివిక్ సెంటర్‌కెళ్లి అరడజను తెల్ల చొక్కాలు తెచ్చాడు. రాత్రికి రాత్రి జుట్టు పదేళ్లు వెనక్కి వెళ్లింది. “పాతికేళ్లు మసి ఉతికాను, ఇప్పుడు తువ్వాలు కూడా ఇస్త్రీ చెయ్యమంటున్నారర్రా!” అని పిన్ని గోల. పని తెలిసిన మనిషి నిన్నా ఆయనే, ఇవాళా ఆయనే. కాకపోతే నిన్నటిదాకా “ఏయ్” అన్నవాళ్లు ఇవాళ “సార్” అంటున్నారు. ఆ గౌరవంలో సగం వాటా చొక్కాదే.

మా ఊరి ఖుర్సీపార్ పేటలోని తెలుగిళ్లలో పెళ్లిచూపులకి వెళ్లే ఫొటోలు చూడండి. కుర్రాడు ప్లాంటులో పర్మినెంటని నాలుగుసార్లు చెప్తారు. ఫొటోలో మాత్రం స్టూడియో వాడిచ్చిన కోటూ, టై. అన్నం పెడుతున్న హెల్మెట్‌కి ఆ ఫొటోలో చోటు లేదు.

ఆ టై సంగతే తీసుకోండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 22వ సెక్షను ఏమనేదంటే, తిరుగుతున్న యంత్రాన్ని తనిఖీ చేసేవాడు, నూనె వేసేవాడు ఒంటికి అతుక్కునే బట్టలే వేసుకోవాలి. వాటిని యాజమాన్యమే ఇవ్వాలి. మన చట్టాలు ఫ్యాషన్ గురించి ఇంత ముక్కుసూటిగా మాట్లాడటం అరుదు. కారణం తేలికే. రోలింగ్ మిల్లు దగ్గర టై వేలాడేసుకుని నిలబడితే ముందు ప్రెజెన్స్ లోపలికి పోతుంది, వెనకాలే మనిషి.

ఇదంతా మసి పూసుకున్నవాళ్ల ఏడుపని కొట్టిపారేయకండి. 1994లో డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్ అనే ఆర్థికవేత్తలు అమెరికా, కెనడా సర్వేలు ముందేసుకుని లెక్కగట్టారు. చూడ్డానికి అంతంతమాత్రం అనిపించుకున్నవాళ్లకి జీతంలో 5 నుంచి 10 శాతం దాకా కోత పడుతోందని తేల్చారు. మన యూనియన్లు అడగని అలవెన్సంటూ లేదు. ముఖం అలవెన్సొక్కటే మర్చిపోయినట్టున్నాయి.

అందుకే నాదొక మనవి. భిలాయ్‌లో 260 మీటర్ల పొడవు రైలు పట్టా తయారవుతుంది. అది అద్దంలా మెరిసినంత మాత్రాన రైల్వే వాళ్లకి పంపరు. అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి లోపల పగులుందేమో వెతుకుతారు. పైన పటారం లోన లొటారం అయితే పక్కన పడేస్తారు. దానిమీద జనం ప్రయాణం చెయ్యాలి కాబట్టి ఆ జాగ్రత్త. మరి ఆఫీసరు చేసే సంతకం మీదా జనమే కదా ప్రయాణం చేసేది! మనిషిని మాత్రం పైపైన చూసి, క్రాఫు బావుందని పాస్ చేసేస్తున్నాం.

ఇకమీదట ఇంటర్వ్యూలు రైల్ మిల్లులో పెడదాం. అభ్యర్థుల్ని వరసగా ఆ పరీక్ష బల్ల మీదుగా పంపిద్దాం. తొలి బ్యాచిలో ప్రెజెన్స్ గురువుగార్నే ఎక్కిద్దాం. తప్పినా ఆయన బెంగపడక్కర్లేదు. మా ఊళ్లో తుక్కుని పారేయరు, మళ్లీ కరిగించి పనికొచ్చేలా చేస్తారు.