దోవలోనే ఉండా సార్!

మా వేలూరు జిల్లా విరించిపురం దేవుడు మార్గబంధీశ్వరుడు. సాక్షాత్తూ బ్రహ్మ వచ్చి పూజించాడని ఊరికి విరించి పేరు వచ్చింది. దారిన పోయేవాళ్ళకు తోడుంటాడని స్వామికి మార్గబంధువన్న పేరు వచ్చింది. దొంగల భయమున్న దారిలో మిరియాల మూటలతో పోతున్న వర్తకుడి వెంట స్వామి నడిచాడని స్థలపురాణం. ఆ వర్తకుడు ముందుగా కంప్లయింటు నంబరు రాసుకున్నట్టు గానీ, తమిళానికి రెండు నొక్కినట్టు గానీ పురాణంలో ఎక్కడా లేదు. పిలిచాడు, స్వామి వచ్చాడు.

ఇప్పుడు మా ఊరికి రెండో మార్గబంధువు దొరికాడు. వరిగడ్డి చుట్టలు కట్టే బేలర్ మిషన్లు, వాటికి కావలసిన దారం రీళ్ళు అమ్మే కంపెనీ కుర్రాడు. గుడియాత్తం వైపు తెలుగు పిల్లోడే. ఎప్పుడు ఫోన్ చేసినా ఇతను దారిలోనే ఉంటాడు.

"యాడుండావు అబ్బయ్యా?" అంటాడు మా మామ.

"దోవలోనే ఉండా సార్."

ఆ దోవ ఎంత పొడుగో నాకు తెలీదు. గుడియాత్తం నుంచి మా ఊరికి బస్సెక్కితే ఒక కునుకు తీసేలోగా దిగొచ్చు.

మామ బేలర్ ఎందుకు కొన్నాడో చెప్పాలి. కొడవళ్ళతో కోసే రోజుల్లో గడ్డి దానంతటదే మోపులై కళ్ళానికి వచ్చేది, నూర్పిడయ్యాక వామి అయ్యేది. వామి వేయడం ఒక విద్య. మా తాత వేసిన వామిలో వానచుక్క దిగేది కాదు. వరికోత మిషను వచ్చాక గింజ ట్రాక్టరెక్కింది, గడ్డి మడిలోనే పరుచుకుని పడుకుంది. దాన్ని పోగు చేయడానికి మనుషులు లేరు. తినడానికి ఆవులున్నాయి. కొనడానికి కేరళ లారీలున్నాయి. కాబట్టి ట్రాక్టరు వెనక బేలర్ తగిలించుకుని, తన గడ్డి చుట్టుకుని, పక్కవాళ్ళ గడ్డిని కట్టకింతని బాడుగకు చుడితే అప్పు తీరిపోతుందని మామ లెక్క. లెక్క కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. కాగితం కంపెనీది.

దీపావళికి ముందు కుర్రాడు ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రంగుల పుస్తకం. ముందు ఆవు గంగడోలు నిమిరాడు. తర్వాత అత్తను "అత్తా, నీళ్ళు" అని అడిగాడు. నీళ్ళు తాగి, సంగటి తిని, ఇంకో ముద్ద వేయించుకున్నాడు. ఇంత చనువుగా మా సొంత అల్లుడు కూడా తినలేదు. తిన్నాక ధర చెప్పాడు. "మీ కోసం మేనేజరుతో కొట్లాడి తగ్గించినాను మామా" అన్నాడు. బేలర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి దిగింది. కొట్లాట ఢిల్లీలో ఎవరో కొట్లాడారు, పుణ్యం సంగటి తిన్నవాడికి దక్కింది. దానికి తోడు రెండు దారం రీళ్ళు ఉచితం. ఆ రీళ్ళు చూసి అత్త మురిసిపోయింది, పంచెల దండేనికి బాగుంటాయని. అత్త ముందుచూపు తర్వాత మాకు అర్థమయింది.

సంతకం పడే దాకా మామ "మామ"గా ఉన్నాడు. సంతకం పడ్డాక "సార్" అయ్యాడు. మిషను దిగాక "కస్టమర్" అయ్యాడు. అప్పిచ్చిన ఫైనాన్సువాళ్ళకు మాత్రం మొదటి రోజు నుంచీ ఒక అంకె, మధ్యలో ఒక అడ్డగీత. చుట్టరికం ఇంత వేగంగా దూరమవడం నేను ఆస్తి పంపకాల్లో కూడా చూడలేదు.

సాంబ పంట కోతలు సరిగ్గా పొంగల్‌కు అందుకున్నాయి. బేలర్ పనితీరు చూడ్డానికి ఊరు ఊరంతా గట్ల మీద నిలబడింది. ట్రాక్టరు వెనక పీటీఓ కడ్డీ తిరుగుతుంటే మిషను పళ్ళు గడ్డిని లోపలికి లాగుతాయి. లోపల గడ్డి చుట్టుకుంటూ చుట్టుకుంటూ డొల్ల నిండగానే హారన్ మోగుతుంది. డ్రైవరు బండి ఆపాలి. అప్పుడు దారం లోపలికి దూరి, చుట్ట చుట్టూ ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగి, కత్తికి తగిలి తెగాలి. వెనక తలుపు లేవాలి. గుమ్మటంలాంటి చుట్ట దొర్లాలి. హారన్ మోగింది. బండి ఆగింది. తలుపు లేచింది. చుట్ట కింద పడి, ఒక పొర్లు పొర్లి, ఆవులించినట్టు విచ్చుకుని మళ్ళీ గడ్డయిపోయింది. దారం మాత్రం రీలులోనే భద్రంగా ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మిషను పని అదేనేమో అనుకున్నారు పాపం.

దారాన్ని బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగు ఒకటి ఉంటుంది, చిటికెన వేలంత. అది సాగిపోయింది. ఇదంతా మాకు ఆరు రోజుల తర్వాత తెలిసింది. ఆరు రోజులూ మేం కస్టమర్ కేర్‌తో సత్సంగం చేశాం.

కస్టమర్ కేర్ ముందు హిందీలో నమస్కరించింది. తర్వాత ఇంగ్లీషులో. తమిళం నొక్కితే వీణ వాయించింది. తెలుగుకు అసలు మీటే లేదు. వేలూరు జిల్లాలో తెలుగువాళ్ళు ఉంటారని కంపెనీకి తెలీదు. మిషను అమ్మేటప్పుడు మాత్రం వెతికి వెతికి తెలుగు పిల్లోణ్ణే పంపారు. ప్రభుత్వాన్ని ఎంతయినా తిట్టుకుంటాం గానీ, కిసాన్ కాల్ సెంటర్ పెట్టి 22 భాషల్లో జవాబు చెప్పేందుకు 2004లోనే ఏర్పాటు చేసింది. ఊళ్ళోనే తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రముంది, కృషి విజ్ఞాన కేంద్రముంది. వరికి ఏ తెగులొచ్చినా చెప్పేవాళ్ళున్నారు. స్ప్రింగుకు తెగులొస్తే చెప్పేవాడే దోవలో ఉన్నాడు.

వీణ అయిపోయాక ఒక అమ్మాయి పలికింది. ఇక్కడి నుంచి తర్కశాస్త్రం.

"మీరు వాడిన దారం మా కంపెనీదేనా సార్?"

"మీరిచ్చిన రీలేనమ్మా."

"అయితే గడ్డి తడిగా ఉందేమో చూడండి సార్."

తడి గడ్డి చుడితే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది, అది నిజమే. అందుకనే మామ మూడెండలు ఎండబెట్టాడు. ఆ మాటే చెప్పాడు.

"అయితే మరీ ఎండిపోయిందేమో సార్."

ఆ తర్వాత నేరం డ్రైవరు మీదికి, డ్రైవరు నుంచి ట్రాక్టరు మీదికి, ట్రాక్టరు నుంచి మామ చదవని చిన్నక్షరాల పుస్తకం మీదికి పోయింది. చివరికి ఆ అమ్మాయి సన్నగా, "పార్క్కలాం సార్" అంది.

పార్క్కలాం! ఈ మాటకు మా ప్రాంతంలో ఒక చరిత్ర ఉంది. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు గెలిచి శాసనసభకు పోయింది మా గుడియాత్తం నుంచే. ఆయన ఊతపదం "ఆగట్టుం, పార్క్కలాం". కానీలే, చూద్దాం అని. ఆయన ఆ మాటన్నాక పల్లెపల్లెకూ బడి వచ్చింది, బడిలో అన్నం వచ్చింది. మాట అదే, నోరు మారింది. ఇప్పుడు పార్క్కలాం అంటే ఫోను పెట్టేయబోతున్నారని అర్థం.

అసలు ఈ దారం వ్యాపారం పుట్టుకే తమాషా. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో పనలు కట్టే మిషన్లు ముందు ఇనుప తీగతో కట్టేవి. ఆ తీగ ముక్కలు మేతతో పాటు పశువుల కడుపుల్లోకి పోయేవి. జాన్ యాపిల్‌బీ అనే ఆయన 1870ల చివర్లో దారంతో ముడి వేసే యంత్రం తెచ్చాడు. అప్పటి నుంచీ మిషను ఒకసారి అమ్మడం, దారం జన్మంతా అమ్మడం అనే సూత్రం నడుస్తోంది. రైతులు దారం ధర భరించలేక గోల చేస్తే, మిన్నెసోటా రాష్ట్రం వాళ్ళు 1890లలో స్టిల్‌వాటర్ జైలులో ఖైదీల చేత దారం పేనించి చవగ్గా అమ్మారు. ఆ లెక్కన కట్లు పడినవాళ్ళే కట్టే దారం చేశారన్నమాట. ఇప్పుడు దారం ఫ్యాక్టరీలో తయారవుతోంది. కట్లు పడినవాడు అమ్మకాల్లో ఉన్నాడు.

కుర్రాడి గురించే చెప్తున్నాను. వాడి మీద నాకు కోపం ఎంతసేపో నిలవదు. 2019 నవంబరులో వేలూరు జిల్లాను విడదీసి రాణిపేట, తిరుపత్తూరు కొత్త జిల్లాలు చేశారు. ప్రభుత్వానికి ముగ్గురు కలెక్టర్లు కావలసి వచ్చింది. కంపెనీకి మాత్రం ముగ్గురు కలెక్టర్ల మేరకూ ఒక్క కుర్రాడే చాలాడు. అమ్మేదీ వాడే, బిగించేదీ వాడే, రిపేరుకు రావలసిందీ వాడే, రానందుకు తిట్లు తినేదీ వాడే. కస్టమర్ కేర్ అమ్మాయి మా కంప్లయింటు రాసుకుని పంపేది వాడి ఫోనుకే. వాడు అప్పుడు ఆంబూరు దగ్గర ఎవరి ఆవు గంగడోలో నిమురుతూ ఉంటాడు, నెలాఖరు టార్గెట్ కోసం. పైగా వాట్సాప్‌లో "రైతు సేవా బృందం" అని ఒక గుంపు పెట్టాడు. మిషన్లు ఆగిపోయిన రైతులందరూ అందులో ఉన్నారు. రోజూ పొద్దున్నే కంపెనీ గులాబీ పువ్వు పంపి శుభోదయం చెబుతుంది.

ఆరు రోజుల్లో మడిలో గడ్డి మీద మంచు పడింది, ఎండ పడింది, కాకులు పడ్డాయి. పక్క మడి ఆసామి గట్టు మీద కూర్చుని మెల్లగా అన్నాడు. "ఏమప్పా, గుడియాత్తం అగ్గిపెట్టె రెండు రూపాయలు." అగ్గిపెట్టెల ఊరు మాకు కూతవేటు దూరంలో ఉంది. 2021 డిసెంబరులో పెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలయినా, దానికి ఆఫ్టర్ సేల్స్ సర్వీసు అవసరం లేదు. గీస్తే మండుతుంది. గడ్డి తగలబెట్టొద్దని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఆ గట్టు మీద ఒక్క సాయంత్రం కూర్చుంటే బాగుండును. మామ గీయలేదు. చూడి ఆవు ఇంట్లో ఉంది.

మరి ఉచిత రీళ్ళు ఊరికే ఉన్నాయా? చుట్టను తప్ప ఊళ్ళో అన్నిటినీ కట్టాయి. అత్త దండెం కట్టింది. మామ బోరు పైపుకు చుట్టాడు. ఊడిపోయిన బైకు నంబరు ప్లేటు, పందిరి గుంజ, రేషను సంచి మూతి, పొంగల్ చెరకు గడలు, అన్నీ కంపెనీ దారమే. ఒక మేకపిల్ల దాన్ని నమలబోతే పరిగెత్తి లాక్కున్నాం. ఈ ప్లాస్టిక్ దారం పొట్టలో కరగదు, ముద్దకట్టుకుని కూర్చుంటుంది. తీగ పోయి దారం వచ్చి ఇన్నేళ్ళయినా పశువుకు గండం గండంగానే ఉంది. రంగుల పుస్తకంలో ఆ పేజీ వేయలేదు.

కనుమ నాడు పొద్దుగుంకే వేళ, ఆవు కొమ్ములకు పసుపు కుంకుమ పెడుతుండగా, కుర్రాడు నిజంగానే దోవ దాటి వచ్చాడు. సొంత బైకు, సొంత పెట్రోలు. పండగ పూట ఇంట్లో తిట్టించుకుని వచ్చినట్టు మొహం చూస్తేనే తెలిసింది. జేబులోంచి స్ప్రింగు తీశాడు. స్టాకు ఎప్పుడొచ్చిందిరా అంటే నవ్వాడు. షోరూములో జనానికి చూపించే మిషనుందే, దానిలోంచి పీకేశాడు. "మళ్ళీ దానికి?" అన్నాను. "దాన్ని వచ్చే వారం పరదరామిలో ఒకాయనకు ఇస్తుండామన్నా" అన్నాడు.

సెల్‌ఫోను వెలుగులో పది నిమిషాల్లో బిగించాడు. మా గుళ్ళో టైము చెప్పే రాయి ఒకటుంది. గాడిలో పుల్ల పెడితే నీడ పడి గంట ఎంతో చెబుతుంది. వందల ఏళ్ళుగా పనిచేస్తున్న ఆ రాయికి ఎవరు గ్యారంటీ ఇచ్చారో గానీ, మాకు ఆరు రోజుల పడిగాపులకు పది నిమిషాల సర్వీసు దొరికింది. హారన్ మోగింది, దారం తిరిగింది, చుట్ట దొర్లింది, విచ్చుకోలేదు. కుర్రాడు దాన్ని కాలితో తన్ని చూసి, "అత్తా, నీళ్ళు" అన్నాడు. అత్త పొంగలి కూడా పెట్టింది. ఆ పూటకు మామ మళ్ళీ మామ అయ్యాడు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ నుంచి ఫోను. మామ మడిలో ఉన్నాడు, అత్త ఎత్తింది. అవతల హిందీ. సేవ ఎలా ఉంది, ఒకటి నుంచి పది దాకా ఎంత వేస్తారని అడుగుతున్నట్టుంది. అత్త పశువుల డాక్టరనుకుంది.

"అయిదో నెల సామీ. మేత బాగానే తింటా ఉంది" అంది.

అవతలి గొంతు ధన్యవాద్ చెప్పి పెట్టేసింది. పదికి అయిదు మార్కులొచ్చాయని, జీతంలో ప్రోత్సాహకం కోశారని మూడో రోజు కుర్రాడు మామకు ఫోన్ చేసి వాపోయాడు. మామ చాలాసేపు విన్నాడు.

"వచ్చి మాట్లాడతా అబ్బయ్యా" అన్నాడు. "దోవలోనే ఉండా."