వేరు కాపురం పెట్టిన ఆట

మధ్యతరగతి గృహస్థుడికి రాజ్యాంగం ఇచ్చిన హక్కులు చాలానే ఉన్నాయంటారు. సొంత కంప్యూటర్‌లో, సొంత సి డ్రైవ్‌లో నాలుగు వేళ్లు పెట్టుకునే జాగా మాత్రం వాటిలో ఉన్నట్టు లేదు. అందుకే ఈ ఫిర్యాదు. మొదటి ముద్దాయి మా ఇంటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. రెండో ముద్దాయి మావాడు దాన్లోకి ఎక్కించిన ఆట. సాక్షి మా ఆవిడ. సాక్షి ఎప్పుడు ఎటు తిరుగుతుందో నేను పూచీ పడలేను.

డిస్కు పెట్టె మీద ఒక టెరాబైటు అని ఉంది. తగిలిస్తే కంప్యూటర్ 931 జీబీ అంటుంది. బిల్లు పట్టుకుని చెప్పులేసుకుంటుంటే మావాడు ఆపాడు. తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారట, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కేస్తుందట. బైట్లు మాత్రం అవేనట. సరే, అవే. తక్కిన 69 ఎవరు తిన్నారని అడక్కూడదు.

అసలు పేచీ ఆట ఎక్కించేటప్పుడు వచ్చింది. డిస్కు దాదాపు ఖాళీ. అయినా ‘ఈ ఫైలు మరీ పెద్దది’ అంటూ మొరాయించింది. కారణం మా పాత టీవీ. అది ఫ్యాట్32 తప్ప ఇంకోటి చదవదు కాబట్టి డిస్కుని కొన్నరోజే ఆ పద్ధతిలో ఫార్మాట్ చేయించాం. 1996 నాటి పద్ధతి అది. ఒక ఫైలు ఎంత పొడుగో రాసుకోవడానికి అందులో 32 బిట్లే ఇచ్చారు. అందువల్ల 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దగ్గరే గీత గీసినట్టు. మా పెళ్లి వీడియోకి ఆ గీత ఏనాడూ అడ్డు రాలేదు. డీవీడీ నుంచి దించింది కనక ఒక్కో జీబీ ముక్కలుగా ఉంటుంది. జీలకర్ర బెల్లం ఒక ముక్క చివర, తలంబ్రాలు ఇంకో ముక్క మొదట్లో. సరిగ్గా మూడుముళ్ల దగ్గర బొమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. నాకు తప్పించుకునే అవకాశం దేవుడు అప్పుడే ఇచ్చాడని మా బావమరిది అంటుంటాడు.

ఈ కాలపు ఆటలకు అంత అణకువ ఏది? 2015లో జీటీఏ ఫైవ్ పీసీకి వచ్చినప్పుడు పెట్టెలో ఏడు డీవీడీలు పెట్టారు. మనం నోరెళ్లబెట్టాం. ఇప్పుడు బాల్డర్స్ గేట్ 3 తీరిగ్గా 150 జీబీ అడుగుతుంది.

డిస్కుని ఎన్‌టీఎఫ్ఎస్‌కి మార్చాలన్నాడు మావాడు. ‘కన్వర్ట్’ అని ఒక ఆదేశం ఉంది, లోపలున్నవి పోవు. వెనక్కి రావడానికి మాత్రం అలాంటి ఆదేశం లేదు. ఎందుకైనా మంచిదని పెళ్లి వీడియోని ముందుగా సి డ్రైవ్‌లోకి కాపీ చేశాడు. ఈ వాక్యాన్ని న్యాయస్థానం గుర్తుపెట్టుకోవాలి.

మార్చాక ఆట సగం ఎక్కి ‘డిస్క్ రైట్ ఎర్రర్’ అంది. కేబుల్‌ని నల్ల పోర్టులోంచి తీసి వెనకాల నీలం పోర్టులో పెడితే దారికొచ్చింది. నల్లది యూఎస్‌బీ 2, ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులే. నీలం దానికి 900 దాకా ఇచ్చే ఓపిక ఉంది. మర్నాడు ఇంకో వింత. మా ఆవిడ పెన్‌డ్రైవ్ ముందు పెట్టడంతో ఇ అనే అక్షరం దానికి పోయి, డిస్కు ఎఫ్ అయింది. ఆట ఇ లోనే వెతుక్కుని, నన్ను మళ్లీ మొదట్నించీ ఎక్కించండి అంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఎక్స్ అనే అక్షరాన్ని దానికి ఖాయం చేస్తే గాని ఆ గోల సద్దుమణగలేదు.

ఇవన్నీ భరించాను. భరించలేనిది ఒక్కటే. ఇంత ఖర్చు పెట్టి ఆట చేత వేరు కాపురం పెట్టిస్తే, వంటా వార్పూ ఇప్పటికీ మా సి డ్రైవ్‌లోనే. ఇన్‌స్టాలర్ మూటలు విప్పేది సి లోని టెంప్ ఫోల్డర్‌లో. దానికి కావలసిన డైరెక్ట్‌ఎక్స్, విజువల్ సీ ప్లస్ ప్లస్ సరంజామా దిగేది సి లో. ఆడినంతవరకూ దాచుకునే సేవ్ ఫైళ్లు డాక్యుమెంట్స్‌లో, అంటే మళ్లీ సి లో. చివరికి చిరునామా కూడా రిజిస్ట్రీలోనే. డిస్కుని చంకన పెట్టుకుని స్నేహితుడి ఇంటికి వెళ్తే చాలా ఆటలు కదలవు. ఎక్స్‌టర్నల్ అనే మాట డబ్బులు కట్టేవరకేనన్నమాట.

ఇంతా చేస్తే మావాడి చూపు అప్పుడే స్టార్‌ఫీల్డ్ మీద పడింది. దానికి తిరిగే డిస్కు పనికిరాదట, ఎస్ఎస్‌డీ ఉండాలని వాళ్లు ముందే షరతు పెట్టారట.

మొన్న మా పెళ్లిరోజున టీవీకి డిస్కు తగిలిస్తే టీవీ దాన్ని గుర్తుపట్టనే లేదు. చేసేదిలేక మావాడి కంప్యూటర్ ముందు కుర్చీలేసుకుని సి డ్రైవ్‌లో ఉన్న కాపీ చూస్తున్నాం. కాశీయాత్ర అవుతుండగా ఆటకి అప్‌డేట్ వచ్చింది, సి లో జాగా చాలదంది. మావాడు మా మధ్యలోంచి చెయ్యి పెట్టి, పెద్ద ఫైళ్లు ఏమున్నాయో వెతికాడు. వరసగా ఒక్కో జీబీవి తేలాయి.

“ఇవన్నీ అవసరమా నాన్నా?” అన్నాడు.

వాళ్లమ్మ పక్కనే ఉంది. జవాబు ఆవిడకే వదిలేశాను.