వెనక గోడకు వేలాడుతున్న కండెన్సర్ కాయిల్ గారికి

విశాఖపట్నం

మహారాజశ్రీ కండెన్సర్ కాయిల్ గారి సముఖమునకు, మూడో అంతస్తు ఇల్లాలు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని మొన్న మీ పెట్టె మూత విప్పినప్పుడు తెలిసింది. ఈ ఊళ్లో గోడలకు వేలాడుతున్న మీ బంధువర్గమంతా చదువుకోవాలని ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను.

మీరు చేసే పని ఎంత పెద్దదో నాకు తెలుసునని ముందుగా మనవి. టన్నున్నర ఏసీ అంటే గదిలోంచి సుమారు 5 కిలోవాట్ల వేడిని తోడి బయట పోయాలి. కంప్రెసర్ తీసుకునే కరెంటు కూడా వేడిగా మారి మీ దగ్గరికే వస్తుంది. ఆ మొత్తాన్ని రాగి గొట్టాల్లోంచి పల్చటి అల్యూమినియం రేకుల్లోకి, ఆ రేకుల సందుల్లోంచి గాలిలోకి దాటించేది మీరే. పేరంతా లోపలి తెల్ల పెట్టెకి, ఎండంతా మీకు. అది తెలిసే మేము మీకు ఏ లోటూ చేయలేదు. ఉప్పుగాలి ఊరు కనుక రేకులకు నీలం పూత ఉన్న మోడలే కావాలని పట్టుబట్టి, ధర ఎక్కువైనా కొన్నాం. ఎండ తక్కువ పడే ఉత్తరపు గోడ మీకు వదిలేశాం. అక్కడ ఇంకో కిటికీ పెట్టించాలని మావారికి ఎంతో ఉండేది.

ఇంత చేస్తే మీరు రోహిణి కార్తెలో, మంచం దిగలేని మా అత్తయ్య గదిలో, మిట్టమధ్యాహ్నం కంప్రెసర్ ట్రిప్పయ్యేలా చేశారు. కాస్త చల్లారాక తిరగడం, మళ్లీ ఆగడం. మా ఊళ్లో మే నెలంటే వేడి ఒక్కటే కాదు, చెమట ఆరనివ్వని ఉక్క. ఆవిడ దిండు తడిసి ముద్దయ్యేది. పక్కన కూర్చుని విసిరినదాన్ని కనుక ఆ మధ్యాహ్నాలు మర్చిపోలేకపోతున్నాను.

మీరు మురికిని దాచే చోటు గురించి నా మొదటి ఫిర్యాదు. రోడ్డు మీంచి చూస్తే మీ జాలీ, ఫ్యాను శుభ్రంగానే ఉంటాయి. గాలి లోపలికి వచ్చేది మాత్రం వెనక నుంచి, గోడ వైపు నుంచి. దుమ్ము, దూది పోగులు, పావురాల ఈకలు, అన్నీ ఆ వైపు రేకులకే అతుక్కుంటాయి. గోడకీ మీకూ మధ్య జానెడు సందు. అందులోకి ఎవరు తొంగి చూస్తారు? సందులు మూసుకుపోతే గాలి ఆడదు. గాలి ఆడకపోతే గ్యాస్ చల్లబడి ద్రవంగా మారడం కష్టమై పీడనం పెరుగుతుంది, కంప్రెసర్ ఇంకా కరెంటు లాగుతుంది, చివరికి కాలిపోకుండా తనంతట తాను ఆగిపోతుంది. గది చల్లబడదు, మీటరు మాత్రం తిరుగుతుంది.

రెండోది ఉప్పు. రాగీ అల్యూమినియమూ కలిసిన చోట ఉప్పు తడి చేరితే ముందు అరిగిపోయేది అల్యూమినియమే. మొదట తెల్లటి పొడి కనిపిస్తుంది, ఆ తరవాత వేలు తగిలితే చాలు, రేకు అంచు రాలిపోతుంది. పూత కొంతకాలం కాస్తుంది, గీత పడ్డ చోట కాయలేదు. పోర్టు దగ్గర వన్‌టౌన్ ఇళ్లలోనైతే దీనికి బొగ్గు ధూళి తోడు. సముద్రం మీ తప్పు కాదు. చిల్లు పడేదాకా నోరు మెదపకపోవడం మీ తప్పే.

మీరు నోరు మెదపకపోబట్టే మాకు ఇంకో నష్టం. చల్లదనం తగ్గిందని పిలిస్తే వచ్చిన మెకానిక్ మీ వెనక్కి చూడకుండానే "గ్యాస్ అయిపోయిందండి" అన్నాడు. అయిపోవడానికి అది స్కూటర్లో పెట్రోలు కాదు. మూసిన గొట్టాల్లోనే తిరిగి తిరిగి వస్తుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే, ఆ లీకు మూయకుండా నింపితే డబ్బు గాలికి వదిలినట్టే. మురికితో మూసుకున్న కాయిల్‌కి అదనంగా గ్యాస్ ఎక్కిస్తే పీడనం ఇంకా పెరుగుతుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32కి కొంత మండే గుణం ఉంది. నూరేళ్ల లెక్కలో భూమిని వేడెక్కించే శక్తి దానికి కార్బన్ డయాక్సైడ్ కంటే వందల రెట్లు ఎక్కువ. దాన్ని ఇష్టం వచ్చినట్టు గాలిలోకి వదలకూడదు.

మిమ్మల్ని కడగడానికి పెద్ద విద్య అక్కర్లేదు, నా బాధంతా అదే. రిమోట్‌తో ఆపితే చాలదు, ఎంసీబీ దించేయాలి. కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది కనుక వైర్ల జోలికి తెలిసినవాళ్లే వెళ్లాలి. మెత్తటి బ్రష్‌తో రేకుల వెంట నిలువుగా దువ్వాలి, అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. తరవాత సన్నటి ధారతో, లోపలి నుంచి బయటికి, మురికి వచ్చిన దారినే పోయేలా నీళ్లు పట్టాలి. ఉప్పు బోరు నీళ్లు వద్దు, కుళాయి నీళ్లు పట్టాలి. కార్లు కడిగే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు పడుకుంటాయి. యాసిడ్‌తో మెరిపిస్తామనేవాళ్లను గడప తొక్కనివ్వకూడదు.

ఇక అసలు ఫిర్యాదు. ఇంత తేలిక పనికి మిమ్మల్ని చేరే దారే లేదు. మొన్న వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. నేను వంటింట్లోంచి వచ్చి చూసేసరికి కిటికీ ఊచ ఒక చేత్తో పట్టుకుని, ఒక కాలు సన్‌షేడ్ మీద, ఇంకో కాలు మీ స్టాండు మీద పెట్టి మరలు విప్పుతున్నాడు. నడుముకి తాడు లేదు. కింద సిమెంటు నేల. "అలవాటేనమ్మా" అన్నాడు. ఆ బోల్టులు మీ బరువు కోసం దింపినవండీ, మనిషి బరువు కోసం కాదు. అవి ఎన్నేళ్లుగా ఉప్పుగాలి తింటున్నాయో మీకే తెలియాలి. చల్లగాలి కోసం ఒక తల్లి బిడ్డని గోడకి వేలాడదీసే ఏర్పాటు నాకు వద్దు. పని ఆపించి లోపలికి పిలిచాను.

ఉగాదిలోపు మిమ్మల్ని వంటింటి పక్క బాల్కనీలోకి మారుస్తున్నాం. గ్యాస్ గాలికి వదలకుండా అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి, ఆ తరవాతే గొట్టాలు విప్పాలని ముందే మాట్లాడుకున్నాం. తాళ్లు, బెల్టులు కట్టి లోపలి నుంచే దించుతారు, ఆ ఖర్చు మాది. అక్కడ మీ ముందు బట్టల తీగ కట్టం, వెనక చెయ్యి పట్టేంత చోటు ఉంచుతాం. బకెట్టు, బ్రష్ నేనే పట్టుకొస్తాను.

బెల్టు లేకుండా ఎవరినీ గోడెక్కించకూడదని అపార్ట్‌మెంట్ మీటింగులో కాగితం పెట్టాను. కొందరు సంతకం చేశారు, మిగతా తలుపులు తడుతున్నాను. మనిషి నిలబడి కడగగలిగే చోటు మీకు ప్లానులోనే గీయమని ఈ ఊరి బిల్డర్లకు వేరే ఉత్తరం రాస్తున్నాను. దాని నకలు మీకూ పంపుతాను.

ఇట్లు,
మూడో అంతస్తు ఇల్లాలు